బోల్టు తల మీది నంబరు

బండిని పైకెత్తే యంత్రంలో ఒక బోల్టు పోతే, దాని బదులు వేసే బోల్టుకు కూడా పాతదానికున్నంత బలం ఉండాలి. లావు కుదిరితే సరిపోదు. పొడవు కుదిరితే సరిపోదు. బలం కుదరాలి. ఆ బలమెంతో బోల్టు తల మీదే అచ్చు వేసి ఉంటుంది. శ్రోతలారా, ఈ ప్రసంగమంతా ఆ ఒక్క నంబరు గురించే.

పాత నల్లగొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల మీదుగా రెండు పెద్ద జాతీయ రహదారులు పోతాయి. విజయవాడకు పోయే 65వ నంబరు దారి చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట దాటుకుంటూ పోతుంది. బెంగళూరుకు పోయే 44వ నంబరు దారి షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు దాటుకుంటూ పోతుంది. ఈ దారుల పొడవునా కార్ల షెడ్లున్నాయి. టైర్ల దుకాణాలున్నాయి. వాటర్ సర్వీసింగ్ సెంటర్లున్నాయి. మిర్యాలగూడ రైస్ మిల్లులకు వడ్లు తెచ్చే లారీలు, ట్రాక్టర్లు ఉన్నాయి. ఈ బండ్లన్నీ ఎప్పుడో ఒకప్పుడు రిపేరుకు పైకి లేవాల్సిందే.

పైకి లేపే సామాను ఒక్క రకం కాదు. కార్ల షెడ్డులో రెండు స్తంభాల లిఫ్టు ఉంటుంది. సర్వీసింగ్ సెంటర్లో నేలలోంచి లేచే ఒంటి స్తంభం లిఫ్టు ఉంటుంది. ఇంజిను దించడానికి చైన్ బ్లాక్ ఉంటుంది. ట్రాక్టర్ ట్రాలీని వెనక్కి వంచడానికి హైడ్రాలిక్ జాకీ ఉంటుంది. వీటన్నిటిలోనూ బరువు మోసే దారిలో ఎక్కడో ఒకచోట బోల్టు ఉంటుంది. ఆ బోల్టు మెత్తనిదైతే పక్కనున్న ఉక్కు ఎంత గట్టిదైనా లాభం లేదు.

బోల్టు కొనే తీరు ఒకసారి చూద్దాం. లిఫ్టు చేతిని పట్టుకున్న బోల్టు ఒకటి విరిగింది. మెకానిక్ ఆ ముక్క జేబులో వేసుకొని ఇనుప సామాన్ల దుకాణానికి పోతాడు.

“సేటూ, పంతొమ్మిది పానా బోల్టు గావాలె. రెండించుల పొడుగు.”

“ఎన్ని?”

“నాలుగియ్యి.”

అంతే. బేరం ముగిసింది. పానా నంబరు వచ్చింది, పొడుగు వచ్చింది, లెక్క వచ్చింది. బలం మాట మాత్రం రాలేదు. పంతొమ్మిది పానా పట్టేది ఎక్కువగా 12 మిల్లీమీటర్ల బోల్టు. ఆ 12 మిల్లీమీటర్ల బోల్టులో మెత్తనిదీ ఉంది, గట్టిదీ ఉంది. రెండింటికీ అదే పానా. రెండింటికీ అదే నట్టు ఎక్కుతుంది. చేతిలో పట్టుకుంటే తేడా తెలియదు.

తేడా తెలిసేది తల మీద. హైటెన్సిల్, అంటే గట్టి రకం బోల్టు తల మీద రెండు అంకెలు, మధ్యలో చుక్క ఉంటాయి. 8.8 అనో, 10.9 అనో, 12.9 అనో ఉంటుంది. మామూలు ఎం.ఎస్., అంటే మెత్తని ఉక్కు బోల్టు మీద 4.6 అని ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. ఈ పద్ధతి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 1367లో ఉంది. ప్రపంచమంతా నడిచే ఐ.ఎస్.ఓ. ప్రమాణంలోనూ ఇదే పద్ధతి. కాబట్టి లూధియానాలో తయారైన బోల్టయినా, చెన్నైలో తయారైన బోల్టయినా, జర్మనీ నుంచి వచ్చిన బోల్టయినా 8.8 అంటే ఒకటే అర్థం.

ఆ అర్థం తెలుసుకోవడం కష్టమేమీ కాదు. చుక్కకు ముందున్న అంకె తీసుకోండి. దాన్ని పదితో గుణించండి. ఉక్కులో ఒక చదరపు మిల్లీమీటరు సుమారు అన్ని కిలోల లాగుడుకు తెగుతుంది. 8 అంటే 80 కిలోలు. 4 అంటే 40 కిలోలు. 10 అంటే 100 కిలోలు.

ఇక చుక్క తర్వాతి అంకె. బోల్టు తెగకముందే సాగుతుంది. సాగిన బోల్టు మళ్లీ మొదటి పొడవుకు రాదు. ఆ సాగడం ఎక్కడ మొదలవుతుందో రెండో అంకె చెబుతుంది. 8.8లో రెండో 8 అంటే పదికి ఎనిమిది వంతులు. అంటే 80 కిలోలకు తెగే ఉక్కు 64 కిలోల దగ్గర సాగడం మొదలుపెడుతుంది. 4.6లో 6 అంటే పదికి ఆరు వంతులు. 40 కిలోలకు తెగేది 24 కిలోలకే సాగుతుంది.

ఈ లెక్కను 12 మిల్లీమీటర్ల బోల్టుకు వేసి చూద్దాం. మర, అంటే మెకానిక్కులు థ్రెడ్ అనే భాగం దగ్గర ఈ బోల్టులో బరువు మోసే ఉక్కు సుమారు 84 చదరపు మిల్లీమీటర్లు. మామూలు 4.6 బోల్టు రెండు టన్నుల దగ్గర సాగుతుంది. 8.8 బోల్టు అయిదు టన్నులు దాటాక గానీ సాగదు. లావు ఒకటే, పానా ఒకటే, బలం మాత్రం రెండున్నర రెట్లకు పైగా తేడా. అందుకే తల మీది నంబరు చూడకుండా బోల్టు కొనకూడదు.

“మెత్తనిదైతే ఏమైంది, ఒక సైజు పెద్దది వేద్దాం” అనేవాళ్లున్నారు. అదీ లెక్క వేద్దాం. 16 మిల్లీమీటర్ల మామూలు బోల్టులో 157 చదరపు మిల్లీమీటర్ల ఉక్కు ఉంటుంది. అది నాలుగు టన్నుల లోపే సాగుతుంది. అంటే 16 మిల్లీమీటర్ల మామూలు బోల్టు, 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టుకు సాటి రాదు. పైగా పెద్ద బోల్టు వెయ్యాలంటే రంధ్రం పెద్దది చెయ్యాలి. రంధ్రం పెద్దదైతే దాని చుట్టూ ఉన్న పట్టీ బలం తగ్గుతుంది. బోల్టుతో పోయేదానికి యంత్రమే పాడవుతుంది.

నంబరు చూడకుండా బలం కనిపెట్టొచ్చనే నమ్మకాలు షెడ్లలో కొన్ని ఉన్నాయి. నల్ల బోల్టు హైటెన్సిల్, తెల్ల బోల్టు మామూలు అన్నది ఒకటి. నలుపైనా తెలుపైనా పై పూత మాత్రమే. మామూలు బోల్టుకూ నల్ల పూత ఉంటుంది. 8.8 బోల్టుకూ తెల్లటి జింకు పూత ఉంటుంది. రంగు తుప్పు గురించి చెబుతుంది గానీ బలం గురించి చెప్పదు.

రెండో నమ్మకం, తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టు అన్నిటికన్నా గట్టిది అని. నీళ్లు ఎప్పుడూ పడే సర్వీసింగ్ సెంటర్లలో ఈ బోల్టు మీద మోజు ఎక్కువ. దాని తల మీద ఎక్కువగా ఏ2-70 అని ఉంటుంది. అది చదరపు మిల్లీమీటరుకు 70 కిలోల దగ్గర తెగుతుంది, 45 కిలోల దగ్గరే సాగుతుంది. 8.8 సాగేది 64 దగ్గర. తుప్పు పట్టకపోవడం మంచిదే. కానీ 8.8 ఉన్నచోట ఏ2-70 వేస్తే బలం తగ్గినట్టే.

మూడోది, థ్రెడ్ రాడ్డు ముక్క వేసినా చాలునన్నది. మీటరు పొడవున దొరికే ఈ రాడ్డును కావలసినంత కోసి, రెండు వైపులా నట్లు బిగిస్తారు. షెడ్డు రేకులకూ, పైపులు వేలాడదీయడానికీ ఇది బాగుంటుంది. కానీ బజారులో దొరికే థ్రెడ్ రాడ్డు ఎక్కువగా మెత్తని ఉక్కే. ఎత్తే యంత్రానికి అది పనికిరాదు. లేత్ మీద రాడ్డు తిప్పి చేయించిన బోల్టు సంగతీ అంతే. పనివాడు ఎంత నేర్పరి అయినా, ఆ రాడ్డు ఏ ఉక్కో, దానికి వేడి శుద్ధి జరిగిందో లేదో చెప్పే నంబరు దాని మీద ఉండదు.

విదేశాల నుంచి వచ్చిన పాత లిఫ్టుల్లో ఇంకో రకం గుర్తు కనిపిస్తుంది. అంకెలుండవు, తల మీద గీతలుంటాయి. అది అమెరికా పద్ధతి. మూడు గీతలుంటే దాన్ని అయిదో గ్రేడు అంటారు. అది ఇంచుమించు 8.8తో సమానం. ఆరు గీతలుంటే ఎనిమిదో గ్రేడు. అది ఇంచుమించు 10.9తో సమానం. ఇక్కడ ఒక పొరపాటు జరగొచ్చు. అమెరికా ఎనిమిదో గ్రేడు, మన 8.8 ఒకటి కావు. ఎనిమిదో గ్రేడు తీసిన చోట 8.8 వేస్తే బలం తగ్గుతుంది.

అంగుళాల కొలతలో ఇంకో చిక్కుంది. దుకాణాల్లో నాలుగు సూత్‌ల బోల్టు అంటే అరంగుళం బోల్టు. అరంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల బోల్టుకు ఈ అరంగుళం నట్టు కొన్ని చుట్లు వదులుగా ఎక్కేస్తుంది. పైకి బిగిసినట్టే కనిపిస్తుంది. కానీ మరలు పూర్తిగా ఒకదానిలో ఒకటి కూర్చోవు. బరువు పడగానే మర జారిపోతుంది. నట్టు చేతితో చివరిదాకా నున్నగా తిరగాలి. ఊగకూడదు. మధ్యలో పట్టుకోకూడదు. అలా తిరగకపోతే కొలత కుదరలేదని అర్థం.

బోల్టు మీద పడే బరువు గురించి కూడా తెలుసుకోవాలి. ఎందుకంటే చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది. రెండు టన్నుల బండి, రెండు స్తంభాల లిఫ్టు, అడుగున మొత్తం ఎనిమిది బోల్టులు. రెండు టన్నులను ఎనిమిదితో భాగిస్తే ఒక్కోదానికి పావు టన్ను. ఇంత తక్కువ బరువుకు మామూలు బోల్టు చాలదా అనిపిస్తుంది.

అసలు జరిగేది వేరు. బండి స్తంభం మీద కూర్చోదు. స్తంభానికి దూరంగా, చాచిన చేతుల మీద కూర్చుంటుంది. ఒక్కో స్తంభానికి ఒక టన్ను వస్తుంది. ఆ టన్ను స్తంభం నుంచి ఒక మీటరు దూరంలో ఉందనుకుందాం. అప్పుడు స్తంభం బండి వైపు ఒరగాలని చూస్తుంది. దాన్ని ఒరగకుండా పట్టేది అడుగు పలక వెనక వైపున్న బోల్టులు. ఆ బోల్టులు పలక ముందు అంచుకు పాతిక సెంటీమీటర్ల దూరంలో ఉంటే, మీటరుకు అది నాలుగో వంతు. కాబట్టి లాగుడు నాలుగు రెట్లవుతుంది. నాలుగు టన్నులు. అది వెనకున్న రెండు బోల్టుల మీద పడితే ఒక్కోదానికి రెండు టన్నులు. పావు టన్ను అనుకున్న చోట రెండు టన్నులు. ఎనిమిది రెట్ల తేడా.

ఇది ముతక లెక్క. లిఫ్టుకో కొలత ఉంటుంది. పైన దూలం ఉన్న లిఫ్టులో కొంత బరువు ఆ దూలం పంచుకుంటుంది. కానీ విషయం మారదు. బోల్టు మోసే బరువు బండి బరువును బట్టి మాత్రమే ఉండదు, దూరాన్ని బట్టి కూడా ఉంటుంది. ఆ లెక్కంతా యంత్రం తయారుచేసినవాళ్లు ముందే వేశారు. వేసి, ఏ లావు బోల్టు, ఏ నంబరు బోల్టు అన్నది యంత్రంతో వచ్చే పుస్తకంలో రాశారు. అందుకే కొత్త బోల్టు కొనేటప్పుడు మొదట చూడాల్సింది ఆ పుస్తకం.

పుస్తకం ఎందుకు, పాత బోల్టు చేతిలోనే ఉంది కదా అనొచ్చు. ఈ ప్రశ్నకు 1990లో జరిగిన ఒక విమాన ప్రమాదం జవాబు చెబుతుంది. ఆ ఏడాది జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మాలగాకు బయలుదేరింది. 17 వేల అడుగుల ఎత్తు దాటాక పైలట్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. గాలి వేగానికి పైలట్ సగం శరీరం కిటికీ బయటికి పోయింది. తోటి సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకొని ఆపారు. కోపైలట్ విమానాన్ని సౌతాంప్టన్‌లో దించాడు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

విచారణలో తేలింది ఇది. ఆ అద్దాన్ని అంతకు ఒక రోజు ముందే కొత్తగా బిగించారు. బిగించిన 90 బోల్టుల్లో 84 కావలసిన దానికన్నా సన్నవి. తేడా మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు మాత్రమే. బోల్టులు ఏరిన మనిషి అనుభవం ఉన్నవాడే. కానీ పుస్తకం చూడలేదు. పాత బోల్టును పక్కన పెట్టి, కంటితో పోల్చి తీసుకున్నాడు. ఇంకో సంగతి కూడా బయటపడింది. నమూనాగా పెట్టుకున్న ఆ పాత బోల్టులు కూడా సరైనవి కావు. వాటి పొడవు తక్కువ. అంతకుముందు ఎవరో తప్పు బోల్టులు వేశారు.

షెడ్డుకు దీనిలో నేరుగా పనికొచ్చే మాట ఉంది. విరిగిన బోల్టు నమూనా కాదు. అది విరిగింది కాబట్టే చేతికొచ్చింది. అది మొదటి బోల్టో, మధ్యలో ఎవరో వేసిన మామూలు బోల్టో తెలియదు. కాబట్టి ముందు పుస్తకం. పుస్తకం పోతే యంత్రం మీదున్న పలకలో కంపెనీ పేరు, మోడల్ నంబరు చూసి, తయారుచేసినవాళ్లను అడగాలి. విరగని పక్క బోల్టుల తలలు తుడిచి నంబర్లు చదవడం ఆ తర్వాతి మాట. ఏ దారిలోనూ తెలియకపోతే, తెలిసేదాకా ఆ లిఫ్టు మీద బండి ఎక్కించకూడదు.

విరిగిన ముక్కను పారెయ్యకుండా వెలుతురులో పెట్టి దాని ముఖం చూడండి. అది చాలా చెబుతుంది. విరిగిన చోట బోల్టు సన్నబడి, సాగి తెగితే బరువు ఎక్కువైందని గానీ, బోల్టు మెత్తనిదని గానీ అర్థం. సాగకుండా తెగితే ఇంకోలా ఉంటుంది. ఒక అంచు నుంచి నున్నగా, వంపు గీతలు గీతలుగా ఉంటుంది. మిగిలిన భాగం గరుకుగా, గింజ గింజగా ఉంటుంది. ఇది ఒక్కరోజులో విరిగింది కాదు. బోల్టు వదులై, ప్రతి ఎత్తుకూ కొంచెం కొంచెం చీలుతూ వచ్చింది. నున్నటి భాగం పాత చీలిక, గరుకు భాగం ఆఖరి రోజు తెగింది. ఇలాంటి ముఖం కనిపిస్తే పక్క బోల్టులకూ అదే గతి పట్టి ఉండొచ్చు. ఒక్కటి మార్చి ఊరుకోకూడదు. ఆ చోటున్న బోల్టులన్నీ, వాటి నట్లతో సహా మార్చాలి.

నంబరు తర్వాత చూడాల్సింది మర పొడవు. కొన్ని బోల్టులకు తల దాకా మర ఉంటుంది. కొన్నిటికి సగం నున్నటి కాండం, సగం మర ఉంటుంది. బరువు బోల్టును అడ్డంగా కోసే చోట ఈ తేడా ముఖ్యం. లిఫ్టు చేతికి, దాని పట్టీకి మధ్య ఇలాంటి కోత పడుతుంది. 12 మిల్లీమీటర్ల నున్నటి కాండంలో 113 చదరపు మిల్లీమీటర్ల ఉక్కు ఉంటే, మర దగ్గర 84 మాత్రమే ఉంటుంది. కోత పడే చోట మర వస్తే పావు వంతు బలం పోయినట్టే. పుస్తకం సగం మర బోల్టు చెబితే సగం మర బోల్టే వెయ్యాలి. నంబరు కలిసింది కదా అని ఫుల్ థ్రెడ్ బోల్టు వెయ్యకూడదు.

ఇక నట్టు. గట్టి బోల్టుకు మెత్తని నట్టు వేస్తే బోల్టు నిలుస్తుంది, నట్టు మర ఊడిపోతుంది. నట్టు మీద కూడా నంబరు ఉంటుంది. 8.8 బోల్టుకు 8 నంబరు నట్టు, 10.9 బోల్టుకు 10 నంబరు నట్టు. బోల్టు మీద చుక్కకు ముందున్న అంకెకన్నా నట్టు అంకె తగ్గకూడదు. నట్టు బిగించాక బోల్టు మర ఒకటి రెండు చుట్లయినా బయటికి కనిపించాలి. వాషరు కూడా గట్టిదే కావాలి. పలుచని మెత్తని వాషరు బిగింపు కింద నలిగిపోతుంది. అది నలిగినంత మేరా బోల్టు వదులవుతుంది.

వదులు కావడం ఎందుకంత చెడ్డదో చూద్దాం. యాసంగి కోతలయ్యాక ట్రాలీ నిండా గడ్డి వేసి, మీద నుంచి మోకు వేసి బిగిస్తారు. మోకు బిగువుగా ఉంటే గడ్డి, ట్రాలీ ఒకటిగా కదులుతాయి. మోకు మీద గుంతల దెబ్బ పడదు. మోకు వదులైతే ప్రతి గుంతకూ గడ్డి ఎగిరి పడుతుంది, మోకు రాసుకొని పురులు తెగుతాయి. బోల్టు పనీ ఇదే. బిగువుగా ఉన్న బోల్టు రెండు ఇనుప పలకలను నొక్కి పట్టి ఒకటిగా ఉంచుతుంది. బండి ఎక్కినా దిగినా దాని మీద పడే మార్పు తక్కువ. వదులైన బోల్టు ప్రతి ఎత్తుకూ పూర్తి దెబ్బ తింటుంది. చివరికి చీలుతుంది.

కాబట్టి బిగింపుకూ లెక్క ఉంది. ఆ లెక్క కొలిచేది టార్క్ రెంచి. 12 మిల్లీమీటర్ల 8.8 బోల్టును నూనె పెట్టకుండా బిగిస్తే సుమారు 80 న్యూటన్ మీటర్ల బిగింపు పడుతుంది. అదే బిగింపు 4.6 బోల్టుకు ఇస్తే బిగించేటప్పుడే సాగిపోతుంది. బండి ఎక్కకముందే ఆ బోల్టు పని అయిపోయింది. పానాకు పైపు తొడిగి బిగించే అలవాటు ఇందుకే మంచిది కాదు. మరకు గ్రీసు రాస్తే కూడా లెక్క మారుతుంది. రాపిడి తగ్గి, అదే బిగింపుకు బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది. పుస్తకం గ్రీసు రాయమంటేనే రాయాలి.

గట్టిది మంచిదైతే అన్నిటికన్నా గట్టిది ఇంకా మంచిది కదా అనిపించవచ్చు. అది నిజం కాదు. నంబరు పెరిగేకొద్దీ ఉక్కు తెగే ముందు సాగే గుణం తగ్గుతుంది. 4.6 బోల్టు తెగేలోపు నూటికి 22 వంతులు సాగగలదు. 8.8 నూటికి 12 వంతులు. 12.9 నూటికి 8 వంతులు. పైగా 12.9 వంటి బాగా గట్టి ఉక్కుకు కరెంటు పద్ధతిలో జింకు పూత వేయిస్తే, పూత వేసే తొట్టిలోని హైడ్రోజన్ ఉక్కులోకి దిగుతుంది. బిగించిన కొన్ని గంటలకో రోజులకో బోల్టు చెప్పాపెట్టకుండా చిట్లుతుంది. కాబట్టి 12.9 బోల్టులకు ఊళ్లో పూత వేయించకూడదు. పుస్తకం 8.8 అంటే 8.8. 10.9 అంటే 10.9. తగ్గించకూడదు, తోచినట్టు పెంచకూడదు.

పెంచకూడదనడానికి రైతులకు బాగా తెలిసిన ఉదాహరణ రోటావేటర్. ట్రాక్టర్ పీటీఓ షాఫ్టుకూ రోటావేటర్‌కూ మధ్య చాలా వాటిలో షేర్ బోల్టు ఉంటుంది. బ్లేడు రాయికి తగిలి ఆగిపోతే ఆ బోల్టు తెగాలి. తెగితేనే గేర్ బాక్సు బతుకుతుంది. రాళ్లున్న ఎర్రచెల్కలో అది మాటిమాటికీ తెగుతుందని హైటెన్సిల్ బోల్టు వేస్తే బోల్టు మిగిలి గేర్లు పోతాయి. ఎత్తే యంత్రంలో బోల్టు తెగకూడదు. షేర్ బోల్టు తెగాలి. ఏ బోల్టు ఏ పని చేస్తుందో తెలిసే యంత్రం తయారుచేసినవాళ్లు నంబరు రాస్తారు.

నేలలో దిగే యాంకర్ బోల్టుల సంగతి కొంచెం వేరు. ఇక్కడ బోల్టుతో పాటు కాంక్రీటు కూడా బరువు మోస్తుంది. చాలా షెడ్లలో నేల మీద తాండూరు బండలు పరిచి ఉంటాయి. కింద మొరం ఉంటుంది. బండలో రంధ్రం చేసి యాంకర్ దింపితే పట్టు ఉండదు. మహబూబ్‌నగర్, నల్లగొండ నేలల్లో కొంచెం తవ్వితే నల్లరాయి తగులుతుంది కాబట్టి నేల గట్టిదే అనుకుంటారు. యాంకర్ పట్టేది ఆ రాతిని కాదు, పైనున్న పలుచని పొరను. బండలు తీసి, పుస్తకం చెప్పిన మందంలో కాంక్రీటు పోసి, నీళ్లు పట్టి, 28 రోజులు ఆగాలి. ఆ తర్వాతే లిఫ్టు నిలబెట్టాలి. పాత రంధ్రంలో యాంకర్ ఊగుతుంటే కొత్త యాంకర్‌ను అదే రంధ్రంలో దిగ్గొట్టకూడదు. లిఫ్టు కంపెనీ మనిషిని అడిగి చోటు మార్చాలి.

వేడి గురించి ఒక మాట. 8.8, ఆ పైన నంబరు బోల్టులకు బలం వచ్చేది వేడి శుద్ధి వల్ల. ఉక్కును కాల్చి, చల్లార్చి, మళ్లీ కొంత వేడి చేసి ఆ బలం తెస్తారు. గ్యాస్ కట్టర్ మంట తగిలితే ఆ బలం పోతుంది. తల మీద నంబరు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి తుప్పు పట్టిన బోల్టును మంటతో కోసి తీసినప్పుడు, మంట తగిలిన పక్క బోల్టులు కూడా మార్చాలి. బోల్టు తలను పలకకు వెల్డింగ్ చెయ్యడం కూడా ఇందుకే తప్పు.

నంబరును నమ్మాలంటే నంబరు నిజమైనది కావాలి. దొంగ గుర్తుల బెడద మన ఒక్కరిదే కాదు. అమెరికాలో తక్కువ రకం ఉక్కు బోల్టుల మీద ఎనిమిదో గ్రేడు గీతలు వేసి అమ్మారు. అవి సైన్యం వాడే యంత్రాల దాకా పోయాయి. దాంతో 1990లో అక్కడి కాంగ్రెస్ బోల్టుల నాణ్యత కోసమే ఒక చట్టం చేసింది. మన బజారులో జాగ్రత్త పడే తీరు తేలికే. మంచి బోల్టు తల మీద నంబరుతో పాటు తయారీదారు గుర్తు కూడా ఉంటుంది. టీవీఎస్, అన్‌బ్రాకో వంటి పేర్లు అలా కనిపించేవే. నంబరు ఉండి గుర్తు లేకపోతే అనుమానించాలి. విడిగా డబ్బాలో పోసినవి కాకుండా కంపెనీ పెట్టెలోవి అడగాలి. బిల్లు మీద నంబరు రాయించుకోవాలి. సికింద్రాబాద్ రాణిగంజ్ వంటి పెద్ద బజారులో ఎక్కువ మొత్తం కొనేటప్పుడు పరీక్ష సర్టిఫికెట్ కూడా అడగవచ్చు.

బోల్టు వేశాక పని అయిపోలేదు. నట్టు మీద నుంచి పలక మీదకు రంగుతో ఒక గీత గీయండి. నట్టు తిరిగితే గీత విరుగుతుంది. రోజూ లిఫ్టు మీద బండి ఎక్కించే ముందు ఆ గీతలు చూస్తే చాలు, పానా పెట్టకుండానే వదులు తెలిసిపోతుంది. మొదటి కొన్ని రోజులయ్యాక టార్క్ రెంచితో ఇంకోసారి బిగింపు చూడాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్, ఎత్తే యంత్రాల భాగాలన్నీ మంచి పదార్థంతో, చాలినంత బలంతో, లోపం లేకుండా ఉండాలని చెప్పేది. అర్హత ఉన్న మనిషి ఏడాదికి ఒకసారైనా పూర్తిగా తనిఖీ చెయ్యాలని చెప్పేది. చిన్న షెడ్డు ఫ్యాక్టరీ కిందికి రాకపోవచ్చు. తనిఖీ అవసరం మాత్రం దానికీ ఉంది.

ఎంత మంచి బోల్టు వేసినా ఇంకో జాగ్రత్త వదలకూడదు. జాకీ మీద లేపిన బండి కింద స్టాండు పెట్టకుండా దూరకూడదు. రాళ్లు పేర్చి ఆనించకూడదు. వంచిన ట్రాలీ కింద పని చేసేటప్పుడు ఇనుప ఆనుడు కడ్డీ పెట్టాలి. లిఫ్టు తాళం పళ్లలో పడిందో లేదో చెవితో విని, కంటితో చూసి, అప్పుడు కిందికి పోవాలి.

శ్రోతలారా, చెప్పినదంతా మూడు మాటల్లో మళ్లీ వినండి. మొదటిది, కొత్త బోల్టు నంబరు యంత్రం పుస్తకంలో చూడాలి, విరిగిన ముక్కలో కాదు. రెండోది, దుకాణంలో పానా నంబరుతో పాటు తల మీది నంబరు కూడా అడగాలి. 8.8 తీసిన చోట 8.8 వెయ్యాలి, నట్టు 8 వెయ్యాలి. మూడోది, కొలిచి బిగించాలి, బిగించినదాన్ని మళ్లీ చూడాలి.

పంతొమ్మిది పానా బోల్టు అని అడిగి ఊరుకోవద్దు. “ఎనిమిది పాయింట్ ఎనిమిది బోల్టు, ఎనిమిది నంబరు నట్టు” అని అడగండి. తల తిప్పి నంబరు చదివి తీసుకోండి. నంబరు లేని బోల్టు ఎంత చౌకగా వచ్చినా ఎత్తే యంత్రంలో వెయ్యకండి.